ఇంగ్లీషు హోంవర్కులో పిల్లాడికి సాయం చేయాలంటే ముందు తెలుగులో చెప్పించండి

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా సందర్భం తెలుస్తుంది. మీది పాలకొల్లు దగ్గర పల్లె. మీరు డిగ్రీ వరకూ తెలుగు మీడియంలో చదివారు. మీ అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి. రిపోర్టెడ్ స్పీచ్, వాయిస్, ఆర్టికల్స్, పద్యాల కింద ఇచ్చే ప్రశ్నలు అన్నీ గైడు చూసి ఎక్కించేస్తున్నాడు, పుస్తకం మూసి అడిగితే నోరు మెదపడం లేదు. "నాకే సరిగా రాని ఇంగ్లీషులో వాడికి నేనేం చెప్పగలను?" అన్నారు.

నేను కోనసీమలో హైస్కూలు ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలు పుస్తకాలు పట్టుకుని వస్తుంటారు. మీలాంటి అమ్మలు అందరూ అడిగేది ఇదే. నా జవాబు మీకు వింతగా అనిపించొచ్చు. మీకు ఇంగ్లీషు తక్కువ వచ్చినా పరవాలేదమ్మా, తెలుగు బాగా వచ్చు కదా, అది చాలు. పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం రూలు తెలియక చేసేవి కావు. బుర్రలో తెలుగు వాక్యం తయారవుతుంది, దాన్ని మాటకి మాట ఇంగ్లీషులో పెడతారు. రెండు భాషలూ ఏ చోట విడిపోతాయో ఆ చోటే తప్పు పడుతుంది. ఆ చోటు మీరు పట్టుకోగలరు. అందుకని హోంవర్కు దేని మీద అయినా సరే, పెన్ను పట్టకముందు ఆ వాక్యానికి అర్థం తెలుగులో చెప్పించండి. చెప్పలేకపోతే రాయనివ్వకండి.

మీవాడు ఎక్కువ ఇబ్బంది పడేది రిపోర్టెడ్ స్పీచ్‌తో, అంటే ఒకరన్న మాటని ఇంకొకరికి మన మాటల్లో చెప్పడంతో అన్నారు కాబట్టి అక్కడ మొదలుపెడదాం. గైడులో దీనికి రెండు పేజీల పట్టిక ఉంటుంది. ఈజ్ ఉంటే వాజ్, విల్ ఉంటే వుడ్, టుమారో ఉంటే ది నెక్స్ట్ డే. పిల్లలు దాన్ని ఎక్కం లాగా బట్టీ పడతారు, పరీక్షలో ఒక ప్రశ్న కొంచెం తిరగేసి ఇచ్చాడంటే టెన్షన్. కానీ ఇంట్లో మనం రోజూ మాట్లాడే మాటల్ని గమనించండి. "వస్తానన్నాడు." "వస్తావా అన్నాడు." "రమ్మన్నాడు." ఈ మూడూ మీవాడికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లీషులో ఉన్న మూడు దారులూ ఇవే. మొదటిది మామూలుగా చెప్పిన మాట, దానికి "హీ సెడ్ దట్" అని మొదలవుతుంది. రెండోదాంట్లో "అన్నాడు"కి ముందు ప్రశ్నార్థకమైన "ఆ" వినిపిస్తోంది చూడండి, అలా వినిపిస్తే "హీ ఆస్క్‌డ్ ఇఫ్". మూడోది ఆజ్ఞ. దాంట్లో తెలుగే క్రియ రూపం మార్చేసింది, రా అన్నది రమ్మను అయింది. ఇంగ్లీషు కూడా అక్కడ రూపం మార్చి "హీ టోల్డ్ మీ టు కమ్" అంటుంది. వెళ్లొద్దన్నాడు అంటే "హీ టోల్డ్ మీ నాట్ టు గో". పిల్లాడి చేత ముందు వాక్యాన్ని తెలుగులో "అన్నాడు"తో చెప్పించండి. ఏ దారిలో వెళ్లాలో వాడి నోటితో వాడే చెప్పేస్తాడు.

"ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" లాంటివాటిలో ప్రశ్నపదం ముందే ఉంది కాబట్టి ఇఫ్ అక్కర్లేదు, వేర్ అన్న ఆ మాటే వంతెన. ఇక్కడ ఒక తమాషా ఉంది. మామూలు ప్రశ్న రాయమంటే మన పిల్లలు "వేర్ యు ఆర్ గోయింగ్?" అని రాస్తారు, తెలుగు వరస అది. మాస్టారు దిద్ది "వేర్ ఆర్ యు గోయింగ్?" అని నేర్పుతారు. బాగా నేర్చుకున్న పిల్లాడు రిపోర్టెడ్ స్పీచ్‌లో కూడా అదే తిరగేసి "హీ ఆస్క్‌డ్ మీ వేర్ వాజ్ ఐ గోయింగ్" అని రాస్తాడు. అక్కడ తిరగేయకూడదు, "వేర్ ఐ వాజ్ గోయింగ్" అనాలి. అంటే బయట తప్పయిన తెలుగు వరసే లోపల ఒప్పవుతుంది. ఈ ముక్క ఒకసారి చెప్పి చూడండి, పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకున్నది మర్చిపోరు.

ఇక తెలుగు సాయం చేయని చోటు కాలం. "రేపు వస్తానన్నాడు" అన్నప్పుడు మనం అతని మాటని అతను అన్నట్టే ఉంచేస్తాం. నేను, రేపు, వస్తాను, ఏదీ మారదు. ఇంగ్లీషులో ఆ మాటని ఇప్పుడు మోస్తున్న మనిషి నిలబడ్డ చోటి నుంచి చూస్తారు. అందుకే ఐ కాస్తా హీ అవుతుంది, విల్ వుడ్ అవుతుంది, టుమారో ది నెక్స్ట్ డే అవుతుంది. "ఆ మాట అన్నది నిన్న, నువ్వు చెప్తున్నది ఇవాళ" అని చెప్పండి, పట్టిక అక్కర్లేకుండా సగం మార్పులు వాడే ఊహిస్తాడు. సెడ్ బదులు సేస్ అని ఉంటే కాలం మార్చక్కర్లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది లాంటి ఎప్పటికీ నిజమైన మాటలకీ మార్చక్కర్లేదు.

కాలం గురించి ఇంకొకటి. "మూడేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాం" అన్నా, "2021 నుంచి ఇక్కడ ఉంటున్నాం" అన్నా మనకి ఒకటే నుంచి. ఇంగ్లీషులో మూడేళ్లకి ఫర్, 2021కి సిన్స్. ఎంతసేపు అని అడిగితే జవాబుగా వచ్చేది ఫర్, ఎప్పట్నుంచి అని అడిగితే వచ్చేది సిన్స్. ఇందులో ఇంకో బోల్తా కూడా ఉంది. "ఉంటున్నాం" అనే మాట వినగానే పిల్లాడు "వి ఆర్ లివింగ్" అంటాడు. అప్పట్లో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషు "వి హావ్ బీన్ లివింగ్" అంటుంది. అలాగే "అన్నం తిన్నాను" అనే ఒక్క తెలుగు మాటకి "ఐ ఏట్", "ఐ హావ్ ఈటెన్" రెండూ కుదురుతాయి. వాక్యంలో నిన్న, పోయిన వారం, 2019లో లాంటి గడిచిపోయిన సమయం కనిపిస్తే హావ్ పనికిరాదు. ఆ సమయం పదం కింద గీత గీయించండి, చాలు.

వాయిస్ గురించి మన ధవళేశ్వరం ఆనకట్టతో చెప్తాను. "ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు" అంటాం. ఎవరు పూర్తి చేశారు? చెప్పలేదు, ఎవరికీ లోటుగా అనిపించలేదు. తెలుగులో కర్తని వదిలేయొచ్చు. ఇంగ్లీషు వాక్యానికి మొదట్లో ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే. చేసినవాడు తెలియనప్పుడో, తెలిసినా అవసరం లేనప్పుడో ఆనకట్టనే తెచ్చి అక్కడ కూర్చోబెడతారు. "ది ఆనికట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852." పాసివ్ వాయిస్ పుట్టింది ఈ అవసరం కోసం. కాటన్ దొర పేరు ముఖ్యం అనుకున్నప్పుడు ఆయన్నే ముందు పెట్టి యాక్టివ్‌లో చెప్తాం. గైడులో మాత్రం "రాము ఈట్స్ ఎ మ్యాంగో"ని "ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై రాము" అని మార్చమంటారు. లోకంలో ఎవరూ అలా మాట్లాడరు. పిల్లాడికి ఇదంతా అర్థంలేని పనిలా కనిపిస్తే తప్పు వాడిది కాదు. ఇంట్లో అభ్యాసానికి తెలుగులో "కట్టారు, తవ్వారు, మూసేశారు, పంచారు" అని ముగిసే వాక్యాలు పేపర్లోంచి ఏరించండి. కాలువలకి నీళ్లు వదిలారు, స్కూళ్లకి సెలవిచ్చారు, నరసాపురం రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఆపేశారు. ఇవన్నీ ఇంగ్లీషులో సహజంగా పాసివ్‌లోకి వెళ్తాయి.

మార్చడానికి వీల్లేని వాక్యాలు కూడా కలిపి ఇస్తుంటారు. క్రియని "దేన్ని? ఎవర్ని?" అని అడగమనండి. జవాబు వస్తే మార్చొచ్చు, రాకపోతే లేదు. పడవ మునిగింది అన్నప్పుడు దేన్ని మునిగింది అనలేం. ఇక్కడ కూడా తెలుగే నయం. కొమ్మ విరిగింది, కొమ్మ విరిచాడు అని మనకి రెండు వేరే మాటలున్నాయి. ఇంగ్లీషుకి రెండింటికీ బ్రోక్ ఒకటే. విరిచాడు అనే అర్థం ఉన్నదే పాసివ్ అవుతుంది. పాసివ్‌లో కావలసిన వర్బ్‌ల మూడో రూపాలకి (ఈటెన్, కంప్లీటెడ్ లాంటివి) మాత్రం బట్టీ తప్ప దారి లేదు, రోజూ కొన్ని అప్పజెప్పించుకోండి.

ఆర్టికల్స్ మీద ఎక్కువసేపు పెట్టకండి. ఎ, యాన్ తేడా చెవితో తేలాలి, కంటితో కాదు. యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే, ఎ యూనివర్సిటీ, ఎ వన్ రుపీ కాయిన్. పైకి చదివిస్తే వాడే పట్టుకుంటాడు. "ది" కోసం మన మ్యాపు చాలు. నదికి ది ఉంటుంది, ది గోదావరి, ది వశిష్ఠ, ది గౌతమి. సముద్రానికి ఉంటుంది, ది బే ఆఫ్ బెంగాల్. కొండల వరసకి ఉంటుంది, ది ఈస్టర్న్ ఘాట్స్. ఊరికి ఉండదు, సరస్సుకి ఉండదు, అందుకే రాజమండ్రికీ కొల్లేరు లేక్‌కీ ది పెట్టం. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి, ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠలుగా చీలి సముద్రంలో కలిసేదాకా గోదారి కథని వాడి చేత ఇంగ్లీషులో రాయించండి. ఆర్టికల్సూ, సింపుల్ ప్రెజెంటూ ఒక్క పేరాలో వచ్చేస్తాయి.

ఎబౌట్, టు లాంటి ప్రిపొజిషన్ల తప్పులు కూడా తెలుగులోంచే వస్తాయి. దాని గురించి చర్చించారు కాబట్టి "డిస్కస్‌డ్ ఎబౌట్", భీమవరానికి చేరాడు కాబట్టి "రీచ్‌డ్ టు". రెండు చోట్లా ఆ అదనపు ముక్క తీసేయాలి. ఇలాంటివి దొరికినప్పుడల్లా నోట్సు చివరి పేజీలో రాయించండి. వాటికి రూలు వెతకబోతే తెల్లారిపోతుంది.

ఇక పద్యాలు. మీరు పంపిన ప్రశ్నల్లో రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన "డస్ట్ ఆఫ్ స్నో" ఉంది. 1923లో వచ్చిన ఆయన సంపుటిలోది. ఎనిమిది పంక్తులు, మొత్తం 34 మాటలు. చిన్నదని పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, గైడులో మాత్రం దీనికి నాలుగు పేజీలు వివరణ ఉంటుంది. అది పక్కన పెట్టి, ఈ పద్యంలో వాక్యాలు ఎన్ని అని అడగండి. ఎనిమిది అంటాడు, లేదా రెండు అంటాడు. ఉన్నది ఒక్కటే. చెట్టు మీద నుంచి కాకి నా మీద మంచు రాల్చిన తీరు నా మనసుని కాస్త మార్చింది, పాడైపోయిందని బాధపడుతున్న రోజులో కొంత భాగాన్ని మిగిల్చింది. అంతే పద్యం. మొదటి నాలుగు పంక్తులూ కలిసి కర్త. "ది వే" అనేది ఏకవచనం కాబట్టి ఐదో పంక్తిలో "హాజ్ గివెన్" వచ్చింది. ఇది పట్టుకుంటే ముఖ్యమైన సంగతి కూడా దొరికినట్టే. మనసు మార్చింది కాకీ కాదు, మంచూ కాదు, అది రాలిన తీరు. "వాట్ చేంజ్‌డ్ ద పొయెట్స్ మూడ్?" అనే ప్రశ్నకి "ఎ క్రో" అని ఒక్క మాట రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఈ చోటే జారిపోతారు.

ఇదే పద్యంలో టెన్సు పాఠం కూడా ఉంది. "హాడ్ రూడ్" అన్నిటికన్నా ముందు జరిగింది, రోజు పాడైందని అనుకోవడం. "షుక్" ఆ తర్వాత, కాకి మంచు దులపడం. "హాజ్ గివెన్" ఇప్పటికీ మిగిలి ఉన్న ఫలితం. మూడు క్రియల్నీ జరిగిన వరసలో పేర్చమనండి. హాడ్‌తో వచ్చే ఈ పాస్ట్ పర్ఫెక్ట్ ఎందుకుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఏ గ్రామర్ పుస్తకంలోనూ దొరకలేదు. గ్రామర్ ఒక సబ్జెక్టు, పొయెట్రీ ఇంకో సబ్జెక్టు అన్నట్టు వేరు వేరు నోట్సులు పెట్టించడం నాకు మొదటి నుంచీ నచ్చదు.

హెమ్‌లాక్ చెట్టు గురించి కొంచెం జాగ్రత్త. చాలా గైడుల్లో అది విషపు చెట్టు, చావుకి గుర్తు అని రాసేస్తారు. సోక్రటీసుకి ఇచ్చిన విషం హెమ్‌లాక్ అనే మొక్కది, అది క్యారెట్ కుటుంబానికి చెందిన మొక్క, చెట్టు కాదు. ఫ్రాస్ట్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతంలో పెరిగే హెమ్‌లాక్ చెట్టు వేరు. అది దేవదారు లాంటి సూదాకుల చెట్టు, దానికి విషం లేదు. మరి జవాబులో ఏం రాయాలి? కాకి, హెమ్‌లాక్ రెండూ కవులు సాధారణంగా అందానికో సంతోషానికో వాడే వస్తువులు కావనీ, హెమ్‌లాక్ అనే పేరు వింటే విషం కూడా గుర్తొస్తుందనీ, అలాంటివాటి నుంచే మంచి జరగడం విశేషమనీ రాయమనండి. అది నిజం, దిద్దేవాళ్లకి కావలసిన మాటా అందులో ఉంటుంది. మంచు విషయం కూడా చూసుకోండి. మన పిల్లలు చూసింది ధనుర్మాసంలో పొలాల మీద కమ్మే పొగమంచు. కొమ్మ మీద పిండిలా పేరుకుని, పిట్ట వాలితే జలజలా రాలే మంచు ఎలా ఉంటుందో ఫోనులో చిన్న వీడియో చూపించండి.

"ఫిగర్ ఆఫ్ స్పీచ్ ఏది?" అనే ప్రశ్నలకి మీవాడి తెలుగు వాచకమే గైడు. ఉపమాలంకారం తెలిసినవాడికి సిమిలీ తెలుసు, రూపకం తెలిస్తే మెటఫర్ తెలుసు. హైపర్‌బొలీ అతిశయోక్తి. వృత్త్యనుప్రాసకి దగ్గరది అలిటరేషన్, అంత్యానుప్రాసకి దగ్గరది రైమ్. పైన చెప్పిన పద్యంలో క్రో, స్నో ఒక జత, మీ, ట్రీ ఇంకో జత, ఒకటి విడిచి ఒకటి కలుస్తాయి కాబట్టి ఎ బి ఎ బి అని రాస్తారు. లైక్, యాజ్ కనిపించగానే సిమిలీ అని రాసేయకుండా చూడండి. "హీ వర్క్‌డ్ యాజ్ ఎ క్లర్క్" అన్నదాంట్లో పోలికేమీ లేదు. తెలుగు మాస్టారి పిరియడ్‌లో నేర్చుకున్నది ఇంగ్లీషు పిరియడ్‌లో వాడొచ్చని పిల్లలకి ఎవరూ చెప్పరు, అదేంటో.

"డు యు అగ్రీ?" "హావ్ యు ఎవర్ ఫెల్ట్ లైక్ దిస్?" లాంటి సొంత అభిప్రాయం ప్రశ్నలకి గైడు జవాబు అస్సలు వద్దు. క్లాసులో అందరూ అదే రాస్తారు, దిద్దేవాళ్లకి మూడో పేపర్‌కే తెలిసిపోతుంది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని మీ ఇంట్లో అనుకుంటే అదే రాయమనండి. కాకిని అశుభంగా చూడటం కూడా మన దగ్గర ఉంది, అదీ రాయొచ్చు. నాలుగు చిన్న వాక్యాలు, తప్పుల్లేకుండా, పద్యంలోంచి ఒక మాట ఎత్తి చూపిస్తూ రాస్తే చాలు. ముందు మీతో తెలుగులో చెప్పాలి, మీరు "ఎందుకని?" అని ఒకే ఒక్క ప్రశ్న వేయాలి. ఆ ఎందుకని తర్వాత వచ్చేదే జవాబులో బలమైన వాక్యం.

గైడు పూర్తిగా మానిపించమని నేననను. మానిపిస్తే పక్కింటి వాడిది తెచ్చుకుంటాడు. వరస మార్చండి, అంతే. ముందు సొంతంగా పెన్సిలుతో రాయాలి, తర్వాత గైడు తెరిచి తేడాలు చూడాలి, ఎక్కడ తేడా వచ్చిందో మీకు తెలుగులో చెప్పాలి. ఫోనులో ఫోటో తీసి జవాబు తెప్పించుకోవడం కూడా అంతే. ఆ జవాబుల్లో ప్రొఫౌండ్, ట్రాన్స్‌ఫర్మేటివ్ లాంటి మాటలు వరసగా దిగుతాయి. వాడు తెలుగులో చెప్పలేని ప్రతి మాటనీ కొట్టేయమనండి, మిగిలిన దాంతో మళ్లీ రాయమనండి. ఫోనుని "దీన్ని దిద్దు" అని కాకుండా "ఏ వాక్యంలో తప్పుందో మాత్రం చెప్పు, ఏం తప్పో చెప్పకు" అని అడగడం నేర్పితే అది మాస్టారిలా కూడా పనికొస్తుంది.

అన్నీ ఒకేసారి మొదలెట్టకండమ్మా. ఈ వారం రిపోర్టెడ్ స్పీచ్ ఒక్కటే పట్టుకోండి. రాత్రి అన్నాలప్పుడు ఆ రోజు స్కూల్లో ఎవరు ఏమన్నారో చెప్పించండి, అన్నాడు, అడిగాడు, రమ్మన్నాడు అని. అందులో మూడు వాక్యాలు ఇంగ్లీషులోకి మార్చమనండి. మీకు అనుమానం వచ్చిన వాక్యాలు ఇక్కడే కింద రాయండి, సాయంత్రం పిల్లలు వెళ్లాక చూసి చెప్తాను. వాయిస్ సంగతి వచ్చే వారం చూద్దాం.